ఎంగెల్స్ ఉత్తరం అందరికీ తెలుసు. అది అందుకున్నావిడ నవలలు ఎవరైనా చదివారా?

పాతపుస్తకాలపిచ్చి
శనివారం, రాత్రి 9:40

వాస్తవికత గురించి మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ అన్న మాట మన సాహిత్య సభల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. వివరాలు నిజంగా ఉంటే చాలదు, ఆ కాలానికీ ఆ పరిస్థితులకీ ప్రతినిధులనదగ్గ మనుషుల్ని నిజంగా చూపించాలి అనే మాట. ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ ముచ్చట కూడా అందులోదే. రచయిత అభిప్రాయాలు ఎంత దాగి ఉంటే రచనకి అంత మంచిది అన్నదీ అందులోదే. 1888 ఏప్రిల్‌లో రాసిన ఒకే ఒక్క ఉత్తరం.

మొన్న క్లాసులో ఇది చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, ఆయన ఏ నవల చదివి ఇది రాశాడు? ఆ నవల బాగుంటుందా?" అంది. ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను, నోట మాట రాలేదు. ఉత్తరం పైన మార్గరెట్ హార్క్‌నెస్ అని ఉంటుంది. కవరు మీద అడ్రసు చూసినట్టు చూసి కిందికి వెళ్ళిపోయాను అన్నేళ్ళూ.

ఆ రాత్రే వెతికాను. నవల పేరు 'ఏ సిటీ గర్ల్', 1887. అట్ట మీద రచయిత పేరు జాన్ లా. ఆ పేరుతో వెతికితే ముందు దొరికేది పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌ని కాగితం డబ్బుతో నిలువునా ముంచిన ఒక స్కాట్లండ్ పెద్దమనిషి. గంటసేపు ఆయన చరిత్ర చదివాక గానీ తప్పు ఇంటి తలుపు తట్టానని తెలియలేదు.

మన జాన్ లా అసలు పేరు మార్గరెట్ ఎలీజ్ హార్క్‌నెస్. 1854లో ఇంగ్లండ్‌లోని వూస్టర్‌షైర్‌లో పుట్టింది. తండ్రి ఆంగ్లికన్ చర్చిలో పాస్టరు. 1877లో లండన్ వచ్చి వెస్ట్‌మిన్‌స్టర్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ అయింది. తర్వాత గైస్ ఆసుపత్రిలో మందులు కలిపిచ్చే పని. ఆ తర్వాత కలం మీదే బతికింది. మొదట్లో అచ్చయిన పుస్తకాలేంటో తెలుసా? అసీరియా చరిత్ర ఒకటి, ఈజిప్టు చరిత్ర ఒకటి. అక్కణ్ణించి తిన్నగా లండన్ ఈస్ట్ ఎండ్ మురికివాడలు.

చదివినవాళ్ళుంటే చెప్పండి. నేను ఒక్కటే పూర్తి చేశాను, రెండోది సగంలో ఉంది.


నర్సన్న_నల్లగొండ
శనివారం, రాత్రి 10:25

మేడమ్, ముందు నా తప్పు ఒప్పుకుంటా. మా రోజుల్లో రాజకీయ తరగతుల్లో ఈ ఉత్తరం రెండు పూటలు చెప్పేవారు. మధ్యలో భోజనం. చెప్పిన సార్ "హార్క్‌నెస్ గారు కార్మికుల్ని నిస్సహాయులుగా చూపించాడు" అనేవాడు. చూపించాడు! నేను కూడా ముప్ఫై ఏండ్లు ఆయనెవరో గడ్డం పెద్దాయన అనుకున్నా. ఆ తర్వాత నేను క్లాసు చెప్పినప్పుడు నేనూ "చూపించాడు" అనే చెప్పినా. నా క్లాసులు విన్నోళ్ళు ఇక్కడ ఎవరన్నా ఉంటే సవరించుకోండి.


సందేహాలసుబ్బు
శనివారం, రాత్రి 11:02

కథేంటో చెప్పండి ముందు. ఎక్కడో చదివాను: పేద కుట్టుపనమ్మాయి, పెద్దింటాయన, మోసం, బిడ్డ, పశ్చాత్తాపం. ఇది మన బ్లాక్ అండ్ వైట్ సినిమా కదా? రెండో సగంలో వాన పడితే సరిపోతుంది.


పాతపుస్తకాలపిచ్చి
ఆదివారం, ఉదయం 7:15

సుబ్బు గారూ, ఎంగెల్స్ కూడా దాదాపు అదే అన్నాడు. ఇది పాత, పాతాతిపాత కథ అన్నాడు. కాకపోతే ఆ పాత కథని రంగులద్దకుండా ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం ఉంది కాబట్టే కొత్తగా ఉందని మెచ్చుకున్నాడు.

కథ ఇది. నెల్లీ ఆంబ్రోజ్ ఇంట్లో కూర్చుని ప్యాంట్లు కుడుతుంది. తల్లి, అన్న, తను. పేదలకోసం కట్టిన బిల్డింగులో కాపురం. బిల్డింగుకి కాపలాదారు జార్జ్, మాజీ సైనికుడు, నెల్లీ మీద మనసు. లండన్‌లో డబ్బున్నవాళ్ళుండే వెస్ట్ ఎండ్ నుంచి ఆర్థర్ గ్రాంట్ అనే ఆయన వస్తాడు. రాడికల్ రాజకీయాలు మాట్లాడతాడు, పేదల పట్ల జాలి ఉంది, భార్యాపిల్లలూ ఉన్నారు. నెల్లీకి మొదటిసారి ఎవరో తనని మనిషిలా చూసినట్టు అనిపిస్తుంది. తర్వాత మీరన్నదే.

గ్రాంట్ విలన్ కాకపోవడం నాకు నచ్చింది. మీసం మెలేయడు, బెదిరించడు. మంచివాడిననే అనుకుంటాడు తన గురించి. సాయంత్రం పేదల గురించి ఉపన్యాసం చెప్పి ఇంటికెళ్ళి కమ్మగా నిద్రపోయే రకం. ఎంగెల్స్‌కి కూడా ఈ పాత్రే బాగా నచ్చింది. ఇలాంటాయన్ని చూడని ఊరు మన దగ్గర ఉందా?

ఇంకో ముక్క. దీన్ని వేసిన పబ్లిషరు హెన్రీ విజెటెల్లీ. ఎమిలీ జోలా నవలల అనువాదాలు వేసినందుకు అశ్లీలం కేసు పెట్టి ఆయన్ని తర్వాత జైల్లో వేశారు. అలాంటి గడపలో బయటికొచ్చిన పుస్తకం ఇది.


ఈస్ట్‌హామ్_సిస్టర్
ఆదివారం, మధ్యాహ్నం 2:30

నమస్తే అందరికీ. నేను లండన్‌లో నర్సుని, ఈస్ట్ హామ్‌లో ఉంటాను. ఈ చర్చ దారం చూసి నిన్న రాత్రి డ్యూటీ అయ్యాక నవల మొదలుపెట్టాను, నిద్ర పోలేదు.

నవల్లో చార్లొట్స్ బిల్డింగ్స్ అని ఉంటుంది. దానికి మూలం కేథరిన్ బిల్డింగ్స్. 1885లో కట్టారు, టవర్ ఆఫ్ లండన్‌కి దగ్గర్లో, కార్ట్‌రైట్ స్ట్రీట్‌లో. కుటుంబానికి ఒక్క గది. నీళ్ళూ మరుగుదొడ్లూ అందరికీ ఉమ్మడి. హార్క్‌నెస్‌కి వరసకి చెల్లెలయ్యే బియాట్రిస్ పాటర్ అక్కడ అద్దెలు వసూలు చేసేది. ఇవాళ ఆఫ్ కదా అని డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి టవర్ హిల్‌లో దిగి వెళ్ళొచ్చాను. ఆ బిల్డింగులు ఇప్పుడు లేవు. వీధి ఉంది, పేరు ఉంది. ఒక డెలివరీ వ్యాను రాంగ్ సైడ్ పార్క్ చేసి ఉంది. అంతే.

నేను చెప్పాలనుకున్నది ఆసుపత్రి అధ్యాయం గురించి. నెల్లీ బిడ్డకి జబ్బు చేస్తే ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తుతుంది. చేర్చుకుంటారు. తల్లి అక్కడ ఉండటానికి రూల్స్ ఒప్పుకోవు. వెళ్ళి రేపు రమ్మంటారు. రేపు వచ్చేసరికి బిడ్డ లేడు. ఎవరూ ఆమెని తిట్టరు, కొట్టరు. అందరూ మర్యాదగా రూలు పాటిస్తారు. ఆ ఆసుపత్రి నడిపే పెద్దల్లో గ్రాంట్ కూడా ఒకడు.

ఇది రాసింది నర్సే అయ్యుండాలని చదువుతుంటేనే అనిపించింది, తర్వాత పైన మేడమ్ రాసింది చూశాను. నేను ట్రైనింగ్ అయిన చోట (ఏ ఊరో వద్దులెండి) పిల్లల వార్డు గేటు సాయంత్రం నాలుగింటికి తీసేవాళ్ళం. తల్లులు రెండు గంటల నుంచే మెట్ల మీద కూర్చునేవాళ్ళు, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని. గేటు తీయగానే ఆలస్యం కాకూడదని. తాళం చెవి ఒక్కోరోజు నా జేబులోనే ఉండేది. నాలుగు కాకముందు ఒక్కసారి కూడా తీయలేదు. టైమంటే టైమే అని గర్వంగా కూడా ఉండేది అప్పుడు.


కాజాబొత్తాం
ఆదివారం, సాయంత్రం 6:05

సిస్టర్ గారి పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను కుట్టుపని సంగతి చెప్తాను. మా అమ్మ రెడీమేడ్ షర్టులకి కాజాలు కుట్టి బొత్తాలు పెట్టేది, ఇంట్లోనే. మేస్త్రీ మూట తెచ్చి పడేసేవాడు, పీసుకి ఇంత. దారం మాదే. బొత్తాం ఒకటి వంకరగా ఉన్నా ఆ పీసుకి కోత. మూట తిరిగి ఇచ్చే రోజు మా అమ్మ ముఖం ఎలా ఉండేదో, నెల్లీ తన మూట తీసుకుని వెళ్ళే చోట సరిగ్గా అలాగే ఉంది. పరీక్ష రాసి రిజల్టు కోసం నిలబడ్డట్టు.

ఒక నవ్వొచ్చే సంగతి కూడా. ఆ నవల్లో 'స్వెటర్' అనే మాట మాటిమాటికీ వస్తుంది. "స్వెటర్ పని ఇవ్వలేదు", "స్వెటర్ కోప్పడ్డాడు". ఊలు స్వెటర్ కోప్పడటమేంటా అని నేను రెండు పేజీలు అయోమయంలో పడ్డాను. పెద్ద కంపెనీ దగ్గర బట్ట తెచ్చి, పేదవాళ్ళ చేత అతి తక్కువకి చెమటోడ్చి కుట్టించే మధ్య దళారీని ఆ రోజుల్లో అలా అనేవాళ్ళట. అంటే మా మేస్త్రీ.

1890లో వచ్చిన 'ఏ మాంచెస్టర్ షర్ట్‌మేకర్' కూడా చదివాను. చిన్నదే కానీ గుండె దిటవు ఉంటే తప్ప మొదలుపెట్టకండి. మేరీ డిల్లన్ అనే విధవ, షర్టులు కుట్టి బతకాలని చూస్తుంది. దారులన్నీ మూసుకుపోతాయి. చివరికి ఆకలితో ఉన్న బిడ్డకి నల్లమందు పోస్తుంది. ఇంతకంటే చెప్పను.


సందేహాలసుబ్బు
ఆదివారం, రాత్రి 9:50

సారీ అండి, నిన్న వెటకారంగా రాశాను.

కానీ ఒక అనుమానం అలాగే ఉంది. పాస్టరు గారమ్మాయి మురికివాడకి వెళ్ళి గది అద్దెకి తీసుకుని నోట్స్ రాసుకుని నవల అచ్చేయించుకోవడం... ఇప్పుడు కొందరు బస్తీలో సెల్ఫీ దిగి పోస్టు పెట్టినట్టు కాదా? ఆ రోజుల్లో లండన్ పెద్దింటివాళ్ళు గుంపులుగా ఈస్ట్ ఎండ్ చూడ్డానికి వెళ్ళేవారట, సర్కస్ చూసినట్టు.


పాతపుస్తకాలపిచ్చి
ఆదివారం, రాత్రి 10:40

న్యాయమైన అనుమానమే. ఆ మాట అనాలంటే ముందు చెల్లెల్ని అనాలి. బియాట్రిస్ పాటర్ తండ్రి రైల్వేల్లో కోట్లు గడించిన వ్యాపారి. ఈవిడ 1888లో పాత బట్టలు కట్టుకుని, పేరు దాచి, ప్యాంట్లు కుట్టే చోట పనికి చేరింది. పని రాక తిప్పలు పడింది. ఆ అనుభవం పత్రికలో రాస్తే పెద్ద పేరొచ్చింది. సాయంత్రమైతే ఆవిడకి వెళ్ళడానికి ఇల్లుంది.

మార్గరెట్‌కి అలాంటి వెన్నుదన్ను లేదు. ఇంటినుంచి బయటపడ్డాక రాసిన దాంతోనే బతకాలి, నెలనెలా అద్దె కట్టాలి. నెల్లీ అంత పేదరాలు కాదు, నిజమే. కానీ చూసి పోవడానికి వచ్చిన మనిషి కూడా కాదు. అందుకేనేమో ఆవిడ రాతలో పేదల మీద 'అయ్యో పాపం' తక్కువ. కొన్నిచోట్ల విసుగు కూడా కనిపిస్తుంది. చెడ్డగా మాట్లాడే తల్లి, తాగే అన్న అందరూ ఉన్నారు. దేవతలు లేరు.

కొన్నిచోట్ల నాకూ ఇబ్బందిగా ఉంది, దాచను. ఐరిష్‌వాళ్ళ గురించీ యూదుల గురించీ రాసిన వాక్యాల్లో ఆ కాలపు చులకన ఉంది. పిల్లలకి చెప్పేటప్పుడు అది కూడా చెప్తాను.

అక్కాచెల్లెళ్ళ ముచ్చట ఇంకొకటి. సహకార ఉద్యమం గురించి సమాచారం కావాలని బియాట్రిస్ అడిగితే, సిడ్నీ వెబ్ అనే ఆయన్ని కలువు, ఆయనకి తెలియనిది లేదు అని చెప్పి 1890 జనవరిలో కలిపింది మార్గరెట్టే. ఆ ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పెట్టినవాళ్ళలో ముందున్నారు, చరిత్రలో నిలిచిపోయారు. అక్కాచెల్లెళ్ళ స్నేహం మాత్రం కొద్దికాలానికే చెడింది. సంబంధం కుదిర్చినావిడ పేరు శుభలేఖలో లేకుండా పోయింది.


నర్సన్న_నల్లగొండ
సోమవారం, ఉదయం 6:20

నేను ఉత్తరం మళ్ళీ తీసి చదివిన. ఈసారి నవల కూడా పక్కన పెట్టుకుని.

ఎంగెల్స్ పట్టిన తప్పు ఇది: నవల్లో కార్మికులు తమంతట తాము ఏమీ చేయరు, కదలరు, సాయం ఎప్పుడూ పైనుంచి రావాలి. 1800, 1810 ప్రాంతంలో అయితే అది నిజమేమో గానీ, యాభై ఏండ్లు కార్మిక పోరాటాల్లో తిరిగినోడికి 1887లో అది నిజంగా కనబడదు అన్నడు. మా సార్ ఇక్కడిదాకా చెప్పి చాక్‌పీస్ కింద పెట్టేవాడు.

కానీ ఉత్తరం అక్కడ అయిపోలేదు! చివర్ల ఆయనే తగ్గుతడు. నాగరిక ప్రపంచంలో ఈస్ట్ ఎండ్ కార్మికులంత లొంగి ఉండేవాళ్ళు, విధికి తల వంచేవాళ్ళు ఇంకెక్కడా లేరు, మీరు ఈసారికి ఆ పక్క మాత్రమే చూపించి, కదిలే పక్కని ఇంకో పుస్తకానికి దాచుకున్నారేమో, నాకేం తెలుసు అంటడు. అంటే ఆమె చూసింది తప్పు అనలేదు. ఈ పేరా మాకెవరూ చెప్పలేదు. పైగా ఉత్తరం మొదలే పొగడ్తతో ఉంది.

నాకైతే నర్సు గేటు దగ్గర చెప్పులు పట్టుకుని కూర్చున్న తల్లులే గుర్తొస్తున్నారు. వాళ్ళని పోరాడలేదని ఎట్లంటం?


పాతపుస్తకాలపిచ్చి
సోమవారం, ఉదయం 8:05

నర్సన్న గారూ, మీ పోస్టు మా క్లాసులో చదివి వినిపిస్తాను, అనుమతిస్తే.

దాచుకున్న ఆ రెండో పుస్తకం 'ఔట్ ఆఫ్ వర్క్', 1888. ఇప్పుడే పూర్తయింది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవ సంవత్సరం, 1887, ఆవిడ ఈస్ట్ ఎండ్‌కి పీపుల్స్ ప్యాలెస్ ప్రారంభించడానికి వచ్చిన సందర్భంతో కథ ఎత్తుకుంటుంది. గుంపులోంచి వచ్చిన హేళన శబ్దాలు పేపర్లకి వినపడలేదని మొదట్లోనే చురక.

జోస్ కోనీ అనే పల్లెటూరి వడ్రంగి పని కోసం పట్నం వస్తాడు. పనిముట్లు చేతిలో ఉన్నాయి, పనితనం ఉంది, పని లేదు. ఉన్న డబ్బు కరిగిపోయి ఓడరేవు డాకుల గేటు దగ్గరికి చేరతాడు. తెల్లారకముందే వందలమంది గేటు దగ్గర ఒత్తుకుని నిలబడతారు. కాంట్రాక్టరు మనిషి వచ్చి 'నువ్వు, నువ్వు' అని వేలు చూపిస్తాడు. చూపించనివాళ్ళు ఇంటికి. దొరికిన పని కూడా గంటల లెక్కే. మా ఊళ్ళో లేబర్ అడ్డా దగ్గర ఉదయం ఆరింటికి ఆగి చూడండి, పార భుజాన వేసుకున్నవాళ్ళు ట్రాలీ ఆటో ఆగగానే ఎలా ఎగబడతారో. నూట ముప్ఫై ఏళ్ళ కిందటి పేజీ అనిపించదు.

1887 నవంబరు 13న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పోలీసులూ సైనికులూ జనాన్ని చితకబాదిన 'బ్లడీ సండే' కూడా నవల్లో ఉంది. (ఆ రోజు ఊరేగింపులో ఉన్నవాళ్ళలో అనీబిసెంట్ ఒకరు. మన మదనపల్లె కాలేజీ అనీబిసెంటే.) అంటే కదిలే పక్క వచ్చింది. కానీ జోస్ గెలవడు. నడిచి నడిచి సొంత ఊరికి చేరి, తల్లి సమాధి దగ్గర ప్రాణం వదులుతాడు.

అసలు తమాషా ఆ తర్వాత. నవల వచ్చిన మరుసటి ఏడాది, 1889 ఆగస్టులో, ఆ డాకు కూలీలే సమ్మె చేశారు! ప్రపంచంలో ఇంతకంటే లొంగినవాళ్ళు లేరు అని ఎంగెల్స్ అన్నవాళ్ళే. గంటకి ఆరు పెన్నీలు కావాలి, అదీ డిమాండు. లండన్ రేవు స్తంభించింది. ఆస్ట్రేలియా కార్మికులు వేల పౌండ్లు చందా పంపారు. ఐదు వారాలకి గెలిచారు. హార్క్‌నెస్ ఆ సమ్మెలో నవలాకారిణిగా చూస్తూ నిలబడలేదు. మధ్యవర్తిత్వం చేయమని 81 ఏళ్ళ కార్డినల్ మానింగ్ దగ్గరికి వెళ్ళి అడిగినవాళ్ళలో ఆవిడా ఉంది. ఆయన ఒప్పుకున్నాడు, రాజీ కుదిరింది.

సాయం పైనుంచి వస్తోందని ఎంగెల్స్ తప్పు పట్టాడు కదా. ఆవిడ సమ్మె మధ్యలో కూడా పోయి ఒక మతగురువు తలుపు తట్టింది. మొండిది.


బాపట్ల_బిడ్డ
సోమవారం, మధ్యాహ్నం 1:10

మతం మాట వచ్చింది కాబట్టి. ఆవిడ మూడో నవల 'కెప్టెన్ లోబ్' 1889లో పుస్తకంగా వచ్చింది, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ మీద. 1891లో పేరు మార్చి 'ఇన్ డార్కెస్ట్ లండన్' అని మళ్ళీ వేస్తే ఆ సంస్థ పెట్టిన జనరల్ బూత్ ముందుమాట రాశాడు. నేను సాల్వేషన్ ఆర్మీ అనే పేరు చూసి ఆగిపోయాను. ఎందుకంటే మా వైపు అది 'రక్షణ సైన్యం'. మా నాయనమ్మ అలాగే అనేది.

నవల్లో వాళ్ళు మంచివాళ్ళు. కెప్టెన్ లోబ్ పొట్టి మనిషి, మెత్తని మనసు. సోషలిస్టులు ఉపన్యాసాలు చెప్పి వెళ్ళిపోయిన సందుల్లోకి వీళ్ళు చీపురూ గంజీ పట్టుకుని వెళ్తారు. జబ్బుపడ్డవాళ్ళ నేల తుడిచే ఆడవాళ్ళ అధ్యాయం నాకూ నచ్చింది. రచయిత్రికి వాళ్ళ దేవుడి మీద పెద్ద నమ్మకం ఉన్నట్టు లేదు, ఆ పనిమీదే గౌరవం.

కానీ బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది. 1910ల్లో బ్రిటిష్ ప్రభుత్వం ఎరుకల కుటుంబాల్ని 'నేరస్థ తెగ' అని ముద్ర వేసి ఒకచోట పెట్టినప్పుడు ఆ సెటిల్‌మెంటు నడిపింది ఇదే రక్షణ సైన్యం. హాజరు పిలుపులు, చెప్పకుండా ఊరు దాటకూడదు. బడీ ఆసుపత్రీ కూడా పెట్టారు, అదీ నిజం. ఇప్పటికీ ఊరి పేరు చెబితే ఎదుటివాళ్ళు జేబు తడుముకుంటారు. అందుకని 'కెప్టెన్ లోబ్' చదువుతున్నంతసేపూ నాకు ఒక కన్ను తడి, ఒక కన్ను అనుమానం.


వేదిక_నిర్వాహకుడు
సోమవారం, మధ్యాహ్నం 3:00

మతమార్పిడుల మీద వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. దానికి వేరే దారం ఉంది. ఇక్కడ పుస్తకాలు.


చార్మినార్_చాయ్
సోమవారం, రాత్రి 8:45

అందరూ లండన్‌లో తిరుగుతున్నారు గానీ ఎవరూ అసలు సంగతి చెప్పట్లేదేంటి! ఆవిడ హైదరాబాద్ మీద పుస్తకం రాసింది భాయ్.

నా దగ్గర పాత హైదరాబాద్ పుస్తకాల స్కాన్లు ఒక ఫోల్డరు నిండా ఉన్నాయి. అందులో 'మోడరన్ హైదరాబాద్' అని ఒకటి, 1914, కలకత్తాలో థాకర్ స్పింక్ వాళ్ళు వేసింది. రచయిత జాన్ లా. ఎప్పటినుంచో ఉంది. ఎవరో ఇంగ్లీషు దొర, పోలో ఆడి పుస్తకం రాసుకున్నాడు అనుకుని పక్కన పెట్టేశాను. నిన్న ఈ దారంలో జాన్ లా పేరు చూసి తాగుతున్న చాయ్ పక్కన పెట్టాను. వెతికితే ఆవిడే.

ఆ ఏడాది మన సిటీ ఎలా ఉందో గుర్తు చేసుకోండి. 1908 సెప్టెంబరు మూసీ వరద ఇంకా మనుషుల కళ్ళలోంచి పోలేదు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ పోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు కూల్చి రోడ్లు వేస్తున్నారు. వరద మళ్ళీ రాకుండా గండిపేట కడుతున్నారు. ఈస్ట్ ఎండ్ ఇరుకు గదుల మీద నవల రాసిన మనిషి, అరవై ఏళ్ళ వయసులో, సరిగ్గా ఆ సమయంలో మన సిటీ మీద పుస్తకం అచ్చేసింది.


సందేహాలసుబ్బు
సోమవారం, రాత్రి 9:05

వామ్మో. ఇది నేను ఊహించలేదు. నిజాం మీద ఏమన్నా విమర్శ ఉందా? సోషలిస్టు కదా.


చార్మినార్_చాయ్
సోమవారం, రాత్రి 9:30

అప్పటికి ఆవిడ ఎంత సోషలిస్టో నాకు డౌటే. పుస్తకం పూర్తిగా చదివాక రాస్తాను, అప్పటిదాకా అందులో ఇది ఉంది అది ఉంది అని గాలి కబుర్లు చెప్పను. కానీ దారి చూడండి. 1890ల మొదట్లోనే పార్టీలతో, నాయకులతో విసిగిపోయింది. ఆస్ట్రేలియా వెళ్ళింది. 1899లో అక్కడ అచ్చయిన పుస్తకం పేరే 'ఇంపీరియల్ క్రెడిట్'. 1905లో 'జార్జ్ ఈస్ట్‌మంట్, వాండరర్' అని నవల. డాక్ సమ్మెలో తిరిగి మనసు విరిగిన పెద్దింటి సోషలిస్టు కథ, అంటే సగం సొంత గోడు. ఆ తర్వాత ఇండియా. 1909లో 'గ్లింప్సెస్ ఆఫ్ హిడెన్ ఇండియా', తర్వాత హైదరాబాద్ పుస్తకం. 1921లో చివరి నవల, మళ్ళీ సాల్వేషన్ ఆర్మీ మీదే. 1923 డిసెంబరులో ఇటలీలో, ఫ్లారెన్స్‌లో పోయింది. 69 ఏళ్ళు. చివరిదాకా అట్ట మీద జాన్ లా.


నర్సన్న_నల్లగొండ
మంగళవారం, ఉదయం 6:40

మనసు విరిగిందని ఆమెను పక్కన పెట్టినట్టున్నారు మావాళ్ళు. మనసు విరగనోడు ఎవడున్నడు? ఎంగెల్స్ ఉత్తరం 1930ల్లో రష్యాలో అచ్చయ్యేసరికి ఆమె పోయి తొమ్మిదేండ్లు. తన పేరు ప్రపంచమంతా తిరుగుతదని ఆమెకు తెల్వనే తెల్వదు. అదీ ఉత్తరం అందుకున్న మనిషిగా.


ఈస్ట్‌హామ్_సిస్టర్
మంగళవారం, మధ్యాహ్నం 12:15

నర్సన్న గారూ, ఉత్తరం రాసినాయన ఇల్లు రీజెంట్స్ పార్క్ రోడ్డులో 122 నంబరు. దాని మీద నీలం ఫలకం ఉంది, ఎంగెల్స్ ఇక్కడ ఉండేవాడని. నేను చూశాను. మన ఆవిడ అద్దెకున్న వీధిలో నాకు కనిపించింది డెలివరీ వ్యాను, చెప్పాను కదా.


పాతపుస్తకాలపిచ్చి
మంగళవారం, రాత్రి 10:20

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇవాళ ఈ దారం మొత్తం చూపించాను. తను ఆసుపత్రి అధ్యాయాన్ని తెలుగు చేస్తానంది. సాయంత్రం లైబ్రరీలో ఇద్దరం కూర్చుని మొదలుపెట్టాం, నాలుగో వాక్యం దగ్గరే ఆగిపోయాం.

ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. తెలుగులో ఏం చేయాలి? నెల్లీ గ్రాంట్‌ని 'మీరు' అంటుంది, అందులో అనుమానం లేదు. గ్రాంట్ ఆమెని 'నువ్వు' అంటాడు. కానీ దగ్గరయ్యాక? నెల్లీ 'నువ్వు'లోకి దిగుతుందా? నేను దిగుతుందన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "బిడ్డని కన్నాక కూడా 'మీరు' అనే అంటుంది మేడమ్, మా వీధిలో చూశాను" అంది. ఆసుపత్రిలో నర్సు నెల్లీతో 'రేపు రా' అనాలా 'రేపు రండి' అనాలా అన్నది ఇంకో గొడవ. మర్యాదగా రూలు పాటించారని సిస్టర్ గారు రాశారు కదా, కాబట్టి 'రండి' అని నేను పెట్టాను. ఆ అమ్మాయి కొట్టేసి 'రామ్మా' అని రాసింది. సిస్టర్ గారూ, మీరు గేటు దగ్గర ఏమనేవారు?


ఈస్ట్‌హామ్_సిస్టర్
బుధవారం, ఉదయం 5:50

'రామ్మా'నే. "నాలుగింటికి రామ్మా" అనేదాన్ని. ఆ అమ్మాయి పెట్టిందే ఉంచండి.


కాజాబొత్తాం
బుధవారం, ఉదయం 9:00

'స్వెటర్'కి మేస్త్రీ అని పెట్టండి, ప్లీజ్. దళారీ అంటే గొర్రెలమ్మే మనిషి గుర్తొస్తున్నాడు.